డేటాబేస్ రిపోర్టులకు ప్రత్యామ్నాయ సాఫ్ట్‌వేర్: ఎంచుకోవడం ఎలా?

కిరాణా కొట్టు మొదలుకొని కార్పొరేట్ ఆసుపత్రి వరకు నేడు చాలా వ్యాపారాల్లోకి కంప్యూటర్ వచ్చింది. సరుకు వచ్చినా, పోయినా, డబ్బు కట్టినా, బాకీ పడినా అన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. కానీ లోపలికి ఎక్కిన లెక్క మనిషికి పనికి రావాలంటే మళ్ళీ బయటికి రావాలి. బిల్లుగానో, రసీదుగానో, పట్టికగానో చేతికి అందాలి. ఆ పని చేసిపెట్టేదే రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట పెట్టుకున్న ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను చాలా చిన్న సంస్థలు ఇప్పుడు మార్చుకోవలసి వస్తోంది. దాని స్థానంలో ఏది తీసుకోవాలి, ఎలా తేల్చుకోవాలి అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

హాస్టల్ సంచికలో ఈ విషయం ఎందుకు అని తమ్ముళ్ళు అడగవచ్చు. కారణాలు రెండు. మొదటిది, ఎం.సి.ఏ. గానీ బి.ఎస్సీ. కంప్యూటర్స్ గానీ చదివి చిన్న కంపెనీలో చేరిన మన హాస్టల్ పిల్లలకు తొలి ఏడాది ఎక్కువగా అప్పగించే పని రిపోర్టులే. "అదేముంది, చిల్లర పని" అని తీసిపారేస్తారు గానీ అది చిల్లర పని కాదు. రెండవది మన ఇళ్ళ సంగతి. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మా అమ్మానాన్నల బతుకుల్లో కాగితం అంటే వేరొకరు రాసి తెచ్చేది, తాము వేలిముద్ర వేసేది. అందులో ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే వీలుండేది కాదు. ఇప్పుడు ఆ అంకెను కాగితం మీదికి తెచ్చే పని మన చేతికి వచ్చింది. కనుక ఆ పని ఎలా జరుగుతుందో మనకు తెలిసి ఉండాలి.

ఎం.సి.ఏ. చివరి సెమిస్టరు ప్రాజెక్టు కింద మేము ముగ్గురం కలిసి గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఈ మార్పు పని చేశాము. అందుకే ఉదాహరణలన్నీ అక్కడివే తీసుకుంటున్నాము. కొట్టు మారినా, సరుకు మారినా పద్ధతి మాత్రం ఇదే.

రిపోర్టు అంటే ఏమిటి?

మన హాస్టల్ స్టాకు రిజిస్టరునే చూడండి. బియ్యం ఎన్ని బస్తాలు వచ్చాయి, ఏ రోజు ఎన్ని కిలోలు వంటకు ఇచ్చారు అని తేదీల వారీగా అందులో రాసి ఉంటుంది. అది డేటా. వార్డెన్ గారికి కావలసింది ఈ రోజు ఎంత నిల్వ ఉంది అన్న ఒక్క అంకె. పై ఆఫీసుకు కావలసింది నెలాఖరున హాజరుతో కలిపి వేసిన డైట్ బిల్లు. తనిఖీకి వచ్చిన వారికి కావలసింది ఫలానా రోజు ఎంతమందికి ఎంత ఇచ్చారన్న వివరం. రిజిస్టరు ఒక్కటే, చదివేవారు ముగ్గురు, కాగితాలు మూడు. ఒక్కో కాగితం ఒక్కో రిపోర్టు.

ఆ కాగితానికి ఒక కట్టుబడి ఉంటుంది. పైన సంస్థ పేరు, ప్రతి పేజీ నెత్తిన గడుల పేర్లు, మధ్యలో ఒక్కో పద్దు, ఒక్కో వర్గం అయ్యాక ఉపమొత్తం, అడుగున "ముందు పేజీకి" తీసుకుపోయే మొత్తం, చివర అసలు మొత్తం. రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్లలో వీటిని బ్యాండ్లు అంటారు. ప్రోగ్రామరు ఒక్కో బ్యాండులో ఏ గడి ఎక్కడ రావాలో అమర్చి పెడితే, ఎన్ని వేల పద్దులున్నా సాఫ్ట్‌వేర్ పేజీలుగా విడగొట్టి ముద్రిస్తుంది.

ఈ ఆలోచన చాలా పాతది. 1959లో ఐ.బి.ఎం. సంస్థ తన 1401 కంప్యూటర్ కోసం తెచ్చిన ఆర్.పి.జి. భాష పేరులోనే "రిపోర్ట్ ప్రోగ్రామ్ జనరేటర్" అని ఉంది. అదే సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో డేటాను పట్టికలుగా పేర్చే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించారు. దాని మీదనే తరువాత ఎస్.క్యూ.ఎల్. పుట్టింది. నేటి రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్లు చాలామటుకు డేటాబేస్‌ను ఎస్.క్యూ.ఎల్. లోనే ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును అందంగా పేర్చి చూపిస్తాయి.

పాతదాన్ని ఎందుకు మార్చాలి?

మన దేశంలో చిన్న సంస్థలకు ప్రోగ్రాములు రాసినవారు ఎక్కువగా వాడినవాటిలో క్రిస్టల్ రిపోర్ట్స్ ఒకటి. కెనడాలోని వాంకూవర్‌లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో సీగేట్ చేతికి, 2003లో బిజినెస్ ఆబ్జెక్ట్స్ చేతికి, 2008లో ఎస్.ఏ.పి. చేతికి వెళ్ళింది. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో 2008 వరకు అందులో భాగంగానే వచ్చేది. వేరే కొనవలసిన పని లేదు కనుక అందరూ అదే వాడారు. 2010 ఎడిషన్ నుంచి విడిగా దించుకోవలసి వచ్చింది.

మేము చూసిన కోల్డ్ స్టోరేజీలో ఉన్నదీ ఆ 2008 నాటి ఏర్పాటే. ప్రోగ్రాము వి.బి. డాట్‌నెట్, డేటాబేస్ ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2008 ఎక్స్‌ప్రెస్, కాగితాలకు క్రిస్టల్ రిపోర్ట్స్, కంప్యూటర్లలో విండోస్ 7. అది చెడిపోలేదు, నడుస్తూనే ఉంది. కానీ ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2008కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2019 జూలైలో, విండోస్ 7కి 2020 జనవరిలో ముగిసిపోయాయి. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడల్లా పాత రన్‌టైమ్ ఫైళ్ళు సరిగా కూర్చోవు. రాసిన ప్రోగ్రామరు ఊళ్ళో లేడు. క్రిస్టల్ రిపోర్ట్స్ విజువల్ స్టూడియో ఎడిషన్ పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ కోసం తయారైనది కనుక, 2016 నుంచి వచ్చిన డాట్‌నెట్ కోర్ తరంలో ప్రోగ్రాము తిరగరాస్తే అది నేరుగా పనికిరాదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. కొత్తది వచ్చిందని మార్చకూడదు. పాతదాని మీద ఆధారపడితే పని ఆగిపోయే ప్రమాదం ఉన్నప్పుడు, ఒక చిన్న మార్పు కావాలన్నా చేసేవాడు దొరకనప్పుడు మార్చాలి. ఈ రెండూ లేకపోతే పాతదే మేలు.

మొదటి మెట్టు: కాగితాలు పోగు చేయడం

ఎంపిక అనగానే చాలామంది ఇంటర్నెట్లో "పది మేలైన సాఫ్ట్‌వేర్లు" అన్న పట్టికలు వెతుకుతారు. అక్కడ మొదలు పెడితే దారి తప్పుతాం. ముందు సంస్థలోకి వెళ్ళి, వాళ్ళు నిజంగా వాడే కాగితాలన్నీ ఒక్కొక్క ప్రతి తీసి బల్ల మీద పరచాలి. మేము చూసిన ప్రోగ్రాము మెనూలో యాభైకి పైగా రిపోర్టుల పేర్లున్నాయి. గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, సీజను మొత్తం మీద వాడేవి 14 అని తేలింది. మిగిలినవి ఎవరో ఎప్పుడో అడిగితే రాసి వదిలేసినవి.

ఆ పద్నాలుగింటిలో ఒక్కోదాని వెనక నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకున్నాము. ఎవరు చదువుతారు? ఎప్పుడు కావాలి? చేతికి ఇచ్చే కాగితమా, తెర మీద చూస్తే చాలా? ఇందులో అంకె తప్పితే నష్టం ఎవరికి?

ఉదాహరణకు గేటు పాసు. టిక్కీలు లారీకి ఎక్కాక గేటు దగ్గర ఇచ్చే చీటీ అది. మూడు ప్రతులు, మధ్యలో కార్బన్, డాట్ మాట్రిక్స్ ప్రింటరు మీదనే రావాలి. "ఈ చీటీ లేకపోతే లారీ కదలదు బాబూ, మిగతావి రేపైనా ఇవ్వవచ్చు" అన్నారు గుమాస్తా గారు. రెండవది రైతువారీ నిల్వ పట్టిక. ఏ లాటులో ఎన్ని టిక్కీలు పెట్టారు, ఎన్ని తీశారు, ఎన్ని మిగిలాయి, అద్దె ఎంత బాకీ అని అందులో ఉంటుంది. మూడవది తాకట్టు పట్టిక. రైతు స్టోరేజీ బాండు మీద అప్పు తీసుకుంటాడు. అప్పు తీరేదాకా ఆ లాటు బయటికి పోకూడదు. బ్యాంకు వారు వచ్చి అడిగేది ఈ కాగితాన్నే. నాలుగవది యజమాని గారు సాయంత్రం చూసుకునేది. తేజ ఎంత, బ్యాడిగి ఎంత, తాలు ఎంత, ఏ ఛాంబరులో ఎంత ఖాళీ ఉంది అని. దానికి కాగితమే అక్కరలేదు, సెల్‌ఫోన్లో కనిపించినా చాలు.

ఈ పని పూర్తయ్యేసరికి సగం ఎంపిక అయిపోయినట్టే. ఎందుకంటే మనకు కావలసింది ఒక్క సాఫ్ట్‌వేర్ కాదని అప్పుడే తెలుస్తుంది.

రిపోర్టులు రెండు జాతులు

మొదటి జాతి అచ్చు కాగితం. ఏ గడి ఎక్కడ పడాలో మిల్లీమీటరు లెక్కన కుదరాలి, పేజీలు సరిగ్గా విరగాలి, సంతకానికి చోటుండాలి. బిల్లులు, బాండ్లు, రసీదులు, డైట్ బిల్లులు, మార్కుల జాబితాలు ఈ జాతివి. క్రిస్టల్ రిపోర్ట్స్, జాస్పర్ రిపోర్ట్స్, బర్ట్, మైక్రోసాఫ్ట్ వారి ఎస్.ఎస్.ఆర్.ఎస్. దీనికోసమే పుట్టాయి.

రెండవ జాతి తెర మీద చూసి, నొక్కి, లోపలికి వెళ్ళి వివరం తెలుసుకునేది. వీటినే డ్యాష్‌బోర్డులు అంటున్నారు. మెటాబేస్, పవర్ బి.ఐ. వంటివి ఈ కోవలోవి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటితో మూడు ప్రతుల గేటు పాసు కొట్టాలనుకుంటే తలనొప్పి తప్పదు. అలాగే జాస్పర్‌తో యజమాని గారికి ఫోన్లో బొమ్మలు చూపాలనుకుంటే అక్కరలేని శ్రమ. చిన్న సంస్థలు పొరపడేది ఇక్కడే. డ్యాష్‌బోర్డు అందం చూసి కొంటారు, తీరా సీజనులో కావలసిన కాగితం అది ఇవ్వదు.

ముందున్న ప్రత్యామ్నాయాలు

జాస్పర్ రిపోర్ట్స్: రుమేనియాకు చెందిన తెయోడోర్ దాంచు 2001లో మొదలు పెట్టిన జావా లైబ్రరీ ఇది. సోర్సు కోడు బహిరంగం. ఎల్.జి.పి.ఎల్. లైసెన్సు కనుక మన సొంత ప్రోగ్రాములో ఉచితంగా కలుపుకోవచ్చు. జాస్పర్‌సాఫ్ట్ స్టూడియో అనే డిజైనర్‌లో మౌస్‌తో బ్యాండ్లు అమర్చుకోవచ్చు. పి.డి.ఎఫ్., ఎక్సెల్, ఉత్త టెక్స్టు రూపాల్లో ఇస్తుంది. జావా తెలిసినవారు కావాలి.

బర్ట్: ఎక్లిప్స్ ఫౌండేషన్ నీడన పెరిగింది. మొదటి వెర్షన్ 2005లో వచ్చింది. ఇదీ ఉచితమే, సోర్సు కోడు బహిరంగమే. వెబ్ పేజీ తయారు చేసినట్టుగా రిపోర్టు అమర్చుకోవచ్చు. అయితే 2018లో 4.8 వెర్షన్ వచ్చాక 4.9 రావడానికి 2022 దాకా పట్టింది. ఉచిత సాఫ్ట్‌వేర్ అయినా దాని మీద చెయ్యి వేసి పనిచేసేవారు ఉన్నారా లేదా అని చూసుకోవాలనడానికి ఇది ఉదాహరణ.

ఎస్.ఎస్.ఆర్.ఎస్.: 2004లో ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2000కు తోడుగా మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ వాడేవారికి దగ్గరి చుట్టం. కానీ ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2025తో కొత్త ఎస్.ఎస్.ఆర్.ఎస్. రాలేదు. దాని స్థానాన్ని పవర్ బి.ఐ. రిపోర్ట్ సర్వర్ తీసుకుంది, అదీ డబ్బు చెల్లించి కొన్న ఎడిషన్లకు. 2022 వెర్షన్‌కు మద్దతు 2033 జనవరి దాకా ఉంటుందని ప్రకటించారు. ఇప్పటికే నడుస్తున్నవారు కంగారు పడనక్కరలేదు గానీ, కొత్తగా దిగేవారు ఈ సంగతి తెలిసి దిగాలి.

ఆర్.డి.ఎల్.సి.: ఇది ఎస్.ఎస్.ఆర్.ఎస్.కు తమ్ముడి వంటిది. సర్వర్ అక్కరలేకుండా వి.బి. డాట్‌నెట్ ప్రోగ్రాములోనే రిపోర్టు చూపించే ఉచిత పరికరం. క్రిస్టల్ నుంచి మారడానికి అతి దగ్గర దారి. కాకపోతే ఇదీ పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ దారే. పదేళ్ళకు చూసుకునేవారు ఆలోచించుకోవాలి.

మెటాబేస్: 2015లో బయటికి వచ్చింది. సోర్సు కోడు బహిరంగమైన ఉచిత ఎడిషన్ ఉంది. ఆఫీసులో ఒక కంప్యూటర్లో పెట్టుకుంటే మిగిలినవాళ్ళు బ్రౌజరులో చూసుకోవచ్చు. ఎస్.క్యూ.ఎల్. రానివారు కూడా నొక్కుకుంటూ ప్రశ్న అడగవచ్చు. అచ్చు కాగితాలకు ఇది తగదు.

ఎక్సెల్: దీనిని చిన్నచూపు చూడవద్దు. ఆడిటరు గారికి, బ్యాంకుకు చివరికి కావలసింది తరచుగా ఎక్సెల్ ఫైలే. కానీ దానికి హద్దు ఉంది. పాత ఎక్స్.ఎల్.ఎస్. ఫైలులో 65,536 వరుసలు, కొత్త ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. ఫైలులో 10,48,576 వరుసలు మాత్రమే పడతాయి. 2020 శరదృతువులో ఇంగ్లండులో కరోనా పరీక్షల ఫలితాలను పాత తరహా ఫైళ్ళలోకి ఎక్కించడం వల్ల హద్దు దాటిన వరుసలు జారిపోయి, 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. అంతమందితో కలిసి తిరిగినవారికి హెచ్చరిక ఆలస్యమైంది. రిపోర్టు చిల్లర పని కాదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పరీక్ష పెట్టే విధానం

పేర్లు తెలిశాక, ప్రతిదానికీ పరీక్ష పెట్టాలి. కంపెనీవారు చూపించే నమూనా డేటాతో కాదు, మన సొంత డేటాతో. అన్నిటికంటే కష్టమైన మూడు కాగితాలు ఎంచుకుని ముందు వాటినే చేయించి చూడాలి. తేలికవి ఎందులోనైనా వస్తాయి. మేము పెట్టుకున్న పరీక్షలు ఇవి.

1. తెలుగు. రైతు చేతికి ఇచ్చే కాగితం తెలుగులో ఉండాలి. తెర మీద తెలుగు బాగానే కనిపిస్తుంది, పి.డి.ఎఫ్. చేసేసరికి ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. యూనికోడ్ ఫాంటు ఉన్నంత మాత్రాన చాలదు, అక్షరాలను కలిపి కూర్చే శక్తి సాఫ్ట్‌వేర్‌కు ఉండాలి. "స్త్రీ", "లక్ష్మి", "కృష్ణ", "స్వాతంత్ర్యం" అన్న నాలుగు మాటలు పి.డి.ఎఫ్.లో ముద్రించి చూస్తే సంగతి తేలిపోతుంది.

2. లక్షల కామా. 12,50,000 అని రావలసినచోట చాలా సాఫ్ట్‌వేర్లు 1,250,000 అని చూపిస్తాయి. గుమాస్తా కళ్ళు అలవాటు పడ్డ చోట కామా లేకపోతే చదవడంలో తప్పు జరుగుతుంది. సెట్టింగుతో మారుతుందా, ప్రతిచోటా ఫార్ములా రాయాలా అని చూసుకోవాలి.

3. ఆర్థిక సంవత్సరం. మనకు ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. డ్యాష్‌బోర్డులు జనవరి నుంచి లెక్క వేస్తాయి. మిర్చి సీజను ఆ రెండు ఏడాదుల సరిహద్దు మీదనే పడుతుంది.

4. ప్రింటరు. డాట్ మాట్రిక్స్ మీద అక్షరాలను అక్షరాలుగా పంపితే క్షణాల్లో కొడుతుంది. బొమ్మగా పంపితే ఒక్కో చీటీ కోసం లారీ డ్రైవరు నిలబడి చూడవలసిందే.

5. కరెంటు, ఇంటర్నెట్ పోయినప్పుడు. క్లౌడులో నడిచే సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకపోతే ఆగుతుంది. గేటు ఆగకూడదు.

6. ఖర్చు. లైసెన్సు ధర ఒక్కటే ఖర్చు కాదు. ఒక్కసారి కొనడమా, ఏడాదికింత కట్టడమా, వాడే మనిషికింత కట్టడమా అన్నది మొదట చూడాలి. ఆ పైన పాత రిపోర్టులను కొత్తదానిలోకి రాసే కూలి ఉంటుంది. క్రిస్టల్ ఫైలును జాస్పర్ నేరుగా తెరవదు, మళ్ళీ రాయవలసిందే. ఉచితమన్న మాట లైసెన్సుకే గానీ శ్రమకు వర్తించదు.

7. మనిషి. రేపు మనం లేకపోతే దీనిని బాగు చేసేవాడు ఆ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో దొరుకుతాడా? ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా ఈ పరీక్షలో తప్పితే పక్కన పెట్టాలి.

కూడిక తప్పితే నష్టం ఎవరికి?

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, దానికి మనం ఇచ్చే ప్రశ్న తప్పైతే జవాబు తప్పే వస్తుంది. అందమైన అక్షరాల్లో వస్తుంది కనుక నమ్మబుద్ధి కూడా అవుతుంది. తమ్ముళ్ళందరూ కాగితం, కలం తీసుకుని ఈ చిన్న లెక్క వేసి చూడండి.

ఒక రైతు లాటులో 100 టిక్కీలు పెట్టాడు. రెండుసార్లు తీశాడు. ఒకసారి 30, ఒకసారి 20. అంటే తీసినవి 50, మిగిలినవి 50. అదే లాటు మీద రెండు దఫాలుగా అప్పు తీసుకున్నాడు. కనుక విడుదలల పట్టికలో అతనికి రెండు వరుసలు, అప్పుల పట్టికలో రెండు వరుసలు ఉన్నాయి. ఈ రెండు పట్టికలను లాటు నంబరుతో నేరుగా జాయిన్ చేస్తే ఏమవుతుంది? ప్రతి విడుదల వరుసా ప్రతి అప్పు వరుసతోనూ జత కడుతుంది. రెండు రెళ్ళు నాలుగు వరుసలు. 30, 30, 20, 20. కూడితే తీసినవి 100. మిగిలినవి సున్నా!

స్టోరేజీ లోపల ర్యాకు మీద 50 టిక్కీలున్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు. కంప్యూటర్ ఏ తప్పూ చూపించదు. ఎర్ర గీత పడదు. చదువు రాని రైతు ఆ కాగితం పట్టుకుని ఎవరితో వాదిస్తాడు? ఇటువంటి చోట విడుదలలను లాటువారీగా విడిగా కూడి, అప్పులను విడిగా కూడి, ఆ రెండు మొత్తాలను అప్పుడు కలపాలి. ఇంతే కిటుకు. కానీ ఇది సాఫ్ట్‌వేర్ నేర్పదు, ఎస్.క్యూ.ఎల్. చదువుకున్నవాడికే తెలుస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి. రైతువారీ మొత్తం వేసేటప్పుడు పేరును బట్టి వర్గాలు చేస్తే, ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరి సరుకు ఒకరి కింద పడుతుంది. మన ఊళ్ళలో తాత పేరు మనవళ్ళందరికీ పెట్టడం మామూలే కదా. పేరు చూపించడానికే వాడాలి, లెక్క మాత్రం రైతు నంబరు మీద వేయాలి.

లెక్కను సాఫ్ట్‌వేర్‌లో దాచవద్దు

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ ముద్రించాలి, లెక్క మాత్రం డేటాబేస్‌లో ఉండాలి.

పాత ప్రోగ్రాములో అద్దె లెక్క ఎక్కడుందో వెతికితే సగం క్రిస్టల్ రిపోర్టు లోపలి ఫార్ములాల్లో ఉంది. ఒక్కో రిపోర్టులో ఒక్కోసారి రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ మార్చడం అంత కష్టం కావడానికి కారణం అదే. కాగితం ఆకారం మార్చడం ఒక రోజు పని, లోపల దాగిన లెక్కను తవ్వి తీయడం వారాల పని.

దీనికి ఉపాయం వ్యూలు. వ్యూ అంటే డేటాబేస్ లోపలే ఒక పేరు పెట్టి దాచుకునే ప్రశ్న. రైతువారీ నిల్వకు ఒక వ్యూ, అద్దె బాకీకి ఒక వ్యూ, తాకట్టు లాట్లకు ఒక వ్యూ రాసి పెట్టుకుంటే, ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా ఆ వ్యూనే చదువుతుంది. జాస్పర్ ముద్రించినా, మెటాబేస్ చూపించినా, ఎక్సెల్ తెచ్చుకున్నా అంకె ఒక్కటే. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారినా లెక్క చెక్కుచెదరదు. కంపెనీలు చేతులు మారతాయి, లైసెన్సులు మారతాయి, మన లెక్క మన దగ్గరే ఉంటుంది.

దీంతోపాటు మరో జాగ్రత్త. రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌కు డేటాబేస్‌లో వేరే యూజరు పేరు ఇచ్చి, ఆ వ్యూలను చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వాలి. రాయడానికి, చెరపడానికి ఇవ్వకూడదు. రిపోర్టు చూసేవాడు పొరపాటున కూడా రైతు లెక్కను మార్చలేని విధంగా ఉండాలి.

చివరికి ఏం తేలింది?

యజమాని గారితో, మేనేజరు గారితో కూర్చుని తేల్చుకున్నది ఇది. రైతుకూ బ్యాంకుకూ ఇచ్చే అచ్చు కాగితాలు జాస్పర్ రిపోర్ట్స్‌లో. ఆఫీసు నెట్‌వర్కులోనే నడిచే ఒక చిన్న వెబ్ పేజీ నుంచి వాటిని ముద్రిస్తారు. యజమాని గారి సాయంత్రం లెక్క మెటాబేస్‌లో. ఆడిటరు గారికి ఎక్సెల్. గేటు పాసుకు మాత్రం ఏ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేరూ వాడలేదు. అక్షరాలను నేరుగా ప్రింటరుకు పంపే చిన్న ప్రోగ్రాము చాలింది. ప్రతి కాగితానికీ ఒక టూల్ కావాలని ఎక్కడా లేదు.

ఆర్.డి.ఎల్.సి. వైపు వెళ్తే పని తొందరగా అయ్యేది. కానీ ప్రోగ్రామునే రెండు మూడేళ్ళలో తిరగరాయించాలని వారి ఆలోచన. అప్పుడు మళ్ళీ మొదటికి వస్తుంది. ప్రోగ్రాము మార్చే ఉద్దేశం లేని సంస్థకైతే మేమూ ఆర్.డి.ఎల్.సి.నే చెప్పేవాళ్ళం. అందుకే "ఏది మంచిది?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. "ఈ సంస్థకు, ఈ కాగితాలకు, ఈ మనుషులకు ఏది మంచిది?" అన్న ప్రశ్నకే జవాబు ఉంటుంది.

మారిన వెంటనే పాతదాన్ని తీసివేయలేదు. ఒక నెల పాటు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపించి, ప్రతి సాయంత్రం మొత్తం టిక్కీలు, మొత్తం అద్దె, తాకట్టు లాట్ల సంఖ్య సరిచూసుకున్నాము. మొత్తాలు కలవడమే కాదు, రోజుకు పది లాట్లు ఎంచి, ముఠా మేస్త్రీ గారిని వెంటబెట్టుకుని ఛాంబరులోకి వెళ్ళి ర్యాకు మీది సరుకుతో పోల్చాము. కాగితాన్ని కాగితంతో పోల్చితే రెండూ ఒకే తప్పు చెప్పవచ్చు. సరుకుతో పోల్చితేనే నిజం తెలుస్తుంది.

తమ్ముళ్ళకు ఒక మాట

మన తెలుగు పల్లెల్లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగినప్పుడు మస్టరు రోలు గ్రామసభలో చదివి వినిపించడం మీలో కొందరు చూసే ఉంటారు. "ఫలానా ఆయన ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత తీసుకున్నాడు" అని చదవగానే, "నేను ఆ వారం పనికే పోలేదు" అని ఒకాయన లేస్తాడు. రిపోర్టు అంటే అసలు అర్థం అదే. ఎవరి గురించి రాశారో వారికి అర్థమై, వారు లేచి ప్రశ్న అడగగలిగితే అది మంచి రిపోర్టు. సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఆఖరి పరీక్ష కూడా ఇదే కావాలి.

ఇప్పుడు చదువుతున్నవారికి మేము చెప్పేది చిన్నది. పైన చెప్పినవాటిలో జాస్పర్, బర్ట్, మెటాబేస్ మూడూ డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఎక్స్‌ప్రెస్, మై ఎస్.క్యూ.ఎల్., పోస్ట్‌గ్రెస్ కూడా ఉచితంగా దొరుకుతాయి. సొంత కంప్యూటర్ లేదని ఆగవద్దు. కాలేజీ ల్యాబులో వారానికి రెండు గంటలు చాలు. ముందు టూల్ కాదు, ఎస్.క్యూ.ఎల్. నేర్చుకోండి. సెలెక్ట్, జాయిన్, గ్రూప్ బై ఈ మూడూ చేతికి వస్తే ఏ టూలైనా వారంలో వస్తుంది. సాధనకు డేటా లేదనకండి. వార్డెన్ గారి అనుమతి తీసుకుని మన హాస్టల్ స్టాకు రిజిస్టరులో ఒక నెల పద్దులు ఎక్కించి, నిల్వ పట్టిక, డైట్ బిల్లు తయారు చేసి చూడండి. రిజిస్టరులోని మొత్తంతో మీ మొత్తం పైసాతో సహా కలిసిన రోజు మీరు ఇంటర్వ్యూకు సిద్ధమైనట్టే. బి.కాం. చదివే తమ్ముళ్ళు కూడా వెనకాడవద్దు. ఎస్.క్యూ.ఎల్. తెలిసిన అకౌంటెంటు దొరకడం కష్టమని ఆ కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారే మాతో అన్నారు.

ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీ ఆఫీసుల్లో ఇలా పాత రిపోర్టులు మార్చే పని వస్తే, మన హాస్టల్ పిల్లలకు ఒక నెల రోజుల అనుభవం ఇప్పించండి. సెలవుల్లో వచ్చి, ఆదివారం సాయంత్రం ఒక గంట కూర్చుని జాయిన్ అంటే ఏమిటో చెప్పినా చాలు. మేము మాత్రం దసరా సెలవుల్లో వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాము. 100 టిక్కీల లెక్క వేసి చూసిన తమ్ముళ్ళు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, అక్కడి నుంచే మొదలు పెడదాం.

— హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.